కూత లేని పిట్ట

దుకాణంలో కాటా మీద పెట్టి చూపించాడు ఎలియోదోరో:
పాత కెమెరా, రెండు లెన్సులు, ఫ్లాష్, సంచీ,
అన్నీ కలిపి నాలుగు కిలోల మూడొందల గ్రాములు.
"ఆ పై చిల్లరుందే, మూడొందలు,
అదే నీ కొత్త కెమెరా" అన్నాడు.

ఆ చిల్లర కోసం మూడు వారాలు తిరిగాను.
ఒకదానికి కన్ను ఆనించే కిటికీ లేదు,
ఎండలో తెర చూస్తే నా మొహమే కనబడింది.
ఒకదాని జూమ్ బయటికొచ్చేటప్పుడు
నిద్ర లేపిన తాతలా గుర్రుమంది.
ఇంకోటి మరీ తేలిక,
చేతిలో ఉందో లేదో వేళ్ళకే అనుమానం.
చివరికి ఇది. నల్లది. సబ్బుబిళ్ళంత.
బొటనవేలికి ఓ చిన్న గట్టు.

వాల్పరైసోలో చదునుగా ఉండేది సముద్రమొక్కటే,
అదీ గాలి లేని రోజున.
నా పని మెట్ల మీద.
కిందికి దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకెక్కి
గుర్తింపు కార్డుకి ఫొటో తీయాలి.
పురపాలక సంఘం ఫొటోకింతని ఇస్తుంది,
మెట్టుకింతని కాదు.
కొండెక్కే తాడుబండి మరమ్మతులో ఉంది,
నేను ఈ పనిలో చేరిన ఏడు నుంచీ.

పందొమ్మిదేళ్ళు.
కుడి భుజం రెండు వేళ్ళు కిందికి జారింది.
కోటు కుట్టే క్లోరిందా అడక్కుండానే
ఒకవైపు దూది ఎక్కువ కూరుతుంది.
డాక్టరమ్మ మాత్రం అడిగింది:
కెమెరా కావాలా, చెయ్యి కావాలా?

అమ్మే ముందు రాత్రి
కార్డు లేకుండానే నొక్కుతూ కూర్చున్నాను.
ఠక్. ఠక్.
రంగు పోయిన చోట నా వేలిముద్రే ఉంది,
దానికి ధర కట్టలేదు ఎలియోదోరో.

బుధవారం. రెండొందల పదకొండు మెట్లు.
దోన్ బౌదీలియో, రేవులో మూటలు మోసినవాడు.
నా చేతిలోది చూసి,
"మిగతాది కిందే వదిలొచ్చావా?"
"అమ్మేశాను."
అరచేతిలో పెట్టించుకున్నాడు,
పిట్టగుడ్డును చూసినట్టు ఎత్తి, దించాడు.
"మూటకి బరువుంటేనే
మోసేవాడికి మర్యాద."
నేను కోటు తీసి నా భుజం చూపించాను.
ఆయన చొక్కా పక్కకి లాగి తనది చూపించాడు.
మళ్ళీ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

తలుపుకి తెల్ల దుప్పటి కట్టింది కూతురు యస్నా.
కుర్చీలో నిటారుగా, మెడ బొత్తాం పెట్టుకుని,
గుండెల్నిండా గాలి పీల్చి బిగబట్టాడు.
నొక్కాను.
ఇంకోసారి నొక్కాను.
తెరలో చూసుకుంటున్నాను, కళ్ళు తెరిచే ఉన్నాయి, బాగుంది,
చెవుల పక్క వెలుతురు కాస్త తక్కువ...
"నాన్న ఊపిరి తీయట్లేదు!"
యస్నా చేతిలో గరిటె కింద పడింది.
"అయిపోయింది దోన్ బౌదీలియో, ఎప్పుడో అయిపోయింది!"
ఎర్రబడ్డ మొహంతో, దగ్గుతో, కోపంతో,
"మరి కొట్టలేదే? ఠక్కని కొట్టలేదే అది?"

పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు.
నేను కొన్న పిట్టకి కూతే లేదు.
లోపల ఎగిరిపడే అద్దం లేదు, రెక్క లేదు.
ఇన్నేళ్ళూ ఆ చప్పుడు యంత్రం సొంత గొడవ అనుకున్నాను.
ఆ చప్పుడు కోసం ఎంతమంది
ఊపిరి పట్టుకుని కూర్చున్నారో.

మెనూలో వెతికితే దొంగ చప్పుళ్ళు మూడు దొరికాయి.
మూడూ చెంచా జారిపడ్డట్టే ఉన్నాయి.
యస్నా నవ్వింది. ఆయన నవ్వలేదు.
"ఇంకొక్కటి తీస్తాను" అన్నాను.
మళ్ళీ బొత్తాం, మళ్ళీ నిటారు, మళ్ళీ ఊపిరి.
నొక్కి,
నాలుక అంగిట్లో ఆనించి విడిచాను:
ఠక్.

భుజాలు దిగాయి ఆయనవి.
"ఆ, ఇప్పుడు పడింది" అన్నాడు.

కార్డుకి పంపింది మొదటిదే.

కోటు జేబులో కెమెరా, చేతిలో యస్నా ఇచ్చిన రొట్టె.
మెట్లు దిగుతున్నాను,
అలవాటుకొద్దీ ఎడమకి ఒరిగి,
లేని సంచీకి ఎదురు తూగుతూ.