ఆరేదాకా

రాత్రి షిఫ్టు దిగి వచ్చాను.
చెవుల్లో కాగితం మిల్లు ఇంకా తిరుగుతూనే ఉంది.
నీలవేణి ఒడియా బడికి బయల్దేరుతూ
పెరట్లో నీలం టబ్బు పెట్టి
"నోట్లో పెట్టుకునేవి ముందు కడుగు" అంది.

మా గుంట నోట్లో పెట్టుకోనిది ఏముంది కనక?

గిలక్కాయ. తోక తెగిన రబ్బరు ఏనుగు.
ప్లాస్టిక్ ఉంగరాలు ఐదు,
ఆరోది పోయిన ఆదివారం నుంచి లేదు.
గుణుపురం సంతలో కొన్న లక్కబండి.
మాలతీ మావుసి మనవడు తిరిగి,
వాళ్ల ఎదురింటి కవలలు తిరిగి,
ఎవరో అంటించిన పులి స్టిక్కరుతో
మా గుమ్మం దాకా దొర్లుకొచ్చిన వాకరు.

ఎనిమిదేళ్లుగా నేను గుజ్జుని తెల్లబరిచే చోట ఉన్నాను.
తెల్లబరచడం గురించి నన్నడగండి.
వెదురు తెల్లబడుతుంది, చొక్కా తెల్లబడుతుంది,
బెహెరా బాబు కనుబొమలు కూడా అక్కడే నెరిశాయంటారు.
ఆ బూట్లు పెరటి మెట్టు మీదే విడుస్తాను.
మోచేతుల దాకా కడుక్కుని గాని గుంటనెత్తుకోను.
అయినా నా మెడ దగ్గర ముక్కుపెట్టి తుమ్ముతుంది.

పారమ్మ మామ్మ గోడకి జేరబడి చూస్తోంది.
"ఏటిరా, బొమ్మలెట్టుకు కూకున్నావు?"
కాసేపటికి తనే లేచింది,
ఓ చేత బ్లీచింగు డబ్బా, ఓ చేత కోసిన నిమ్మచెక్క.
"రెండూ కలిపెయ్యి, బేగి మురికి ఇరుగుద్ది."

నాకంటే ముందు నా చెయ్యి లేచింది.
"వద్దు మామ్మా!"
ఆ కేకకి కాకి ఎగిరింది, గుంట ఏడుపెత్తుకుంది.
ఎలా చెప్పను,
పులుపు తగిలితే బ్లీచింగు ఊరుకోదని,
పొయ్యి లేకుండానే పచ్చటి పొగై లేస్తుందని,
ఓ వానాకాలం రాత్రి ఆ గాలి రెండు గుక్కలు మింగి
పట్నాయక్ మెట్ల మీద చేపలా నోరు తెరిచాడని.
చెప్పలేదు.
డబ్బా అటక మీదికి, నిమ్మచెక్క పప్పులోకి.

మిగిలినవి గోరువెచ్చని నీళ్లు, సబ్బు, అరిగిన బ్రష్షు.

ఏనుగుని నొక్కితే నల్లటి నీళ్లు కక్కింది.
పొట్ట కోసి చూశాను.
లోపల గోడ గోడంతా బూజు.
ఇన్నాళ్లూ ఆ తొండాన్నే చీకింది.
గుంట చూడకుండా పారేశాను.
చూసింది.

లక్కబండిని నీళ్లలో ముంచలేదు,
తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ.
గుడ్డకి రంగు అంటలేదు. ఊపిరి పీల్చుకున్నాను.

వాకరు కీళ్లలో
ఉగ్గు, బిస్కెట్టు, చోడిపిండి జావ
ఏటి ఒండ్రులా పొరలు పొరలుగా.
ఏ పొర ఎవరిదో.
పిడి మీద నాలుగు పంటి గాట్లు.
మాదానికి ఇంకా ఒకటే పన్ను.
రుద్దాను. పోలేదు.
మళ్లీ రుద్దలేదు.

"జాడించేశాను, అయిపోయింది" అన్నాను.
మామ్మ ఒక్కో ఉంగరాన్నీ ముక్కుకి ఆనించుకుంది.
"సబ్బు కంపు పోనేదు. ఇంకోపాలి."
నాకేం తెలియలేదు.
నా ముక్కుని ఎప్పుడో మిల్లుకిచ్చేశాను,
జీతంలో కోత పడని చోట.
మరో బిందె నీళ్లు పోశాను. ఆవిడ మళ్లీ వాసన చూసింది.
ఇంకో బిందె.
అప్పుడు తలూపింది.

నులకమంచం మీద ఎండ.
కొరాపుట్ వైపు గూడ్సు పోతుంటే
ఉంగరాలు సన్నగా అదురుతున్నాయి.
అంచుల్లో నీటిచుక్కలు ఇంకా ఉన్నాయి.
"ఆగవే, ఆరేదాకా" అని వెనక్కి తిరిగేసరికి
గుంట అక్కడ లేదు.

పెరటి మెట్టు దగ్గర
నా మిల్లు బూటులో చెయ్యి భుజం దాకా దూర్చి
ఆరో ఉంగరాన్ని బయటికి లాగుతోంది.

ఈసారి అరవలేదు.
నోటి దాకా వెళ్లకముందే వేళ్లు పట్టుకున్నాను.
నన్ను చూసి నవ్వింది, ఒంటి పన్నుతో.

మామ్మ అప్పటికే టబ్బు బోర్లించి
కొత్తనీళ్లు పోస్తోంది.
"ముందు సేతులు" అంది.
ఎవరివో చెప్పలేదు.
ఇద్దరివీ ముంచాను.