కిలో లెక్కన

సైగాన్‌లో మా బుయీ వియెన్ వీధికి
పగలు ముఖం ఉండదు.
దించిన షట్టర్లు, ఎలుకలు, నిన్నటి నిమ్మచెక్కలు.
దీపాలు పెట్టే వేళకి
ఎదురుబారు నీలం వెలుగు
నా ఇస్త్రీ బల్ల మీదికొచ్చి కూర్చుంటుంది.
ఇక తెల్లచొక్కా ఏదో, నీలం చొక్కా ఏదో
కంటికి తెలీదు.
చేత్తో తడిమి చెప్పాలి.

నా పేరు ఉత్. ఆఖరిది అని అర్థం.
మా దక్షిణం వైపు పిల్లల్ని పుట్టిన వరసలో పిలుస్తారు,
నాతో మా అమ్మకి లెక్క అయిపోయింది.
సందు మొగలో రెండు మెషీన్లు, ఒక త్రాసు:
ఇదే నా చాకిరేవు.
కిలో ఇరవై ఐదు వేల డాంగ్‌లు.

ఇంటిని వీపున మోసుకొచ్చినవాళ్ళు
అందులోంచి మురికి మాత్రం తీసి నాకిస్తారు.
ముందు జేబులు తిప్పి చూస్తాను.
చియాంగ్‌మాయి బస్సు టికెట్, ఇసుక,
ఒంటి చెవిపోగు, నాకు రాని భాషలో చీటీ.
చీటీలు ఆరబెడతాను.
తడిస్తే ఏ అక్షరమైనా ఒకేలా పాకుతుంది.

ఏడింటికి స్టూళ్ళు దిగుతాయి,
ఎర్రవి, మోకాలెత్తువి.
వాటి మీద ఆరడుగుల మనుషులు
మడతపడ్డ మిడతల్లా.
సైకిలు వెనక తీగకి వేలాడుతూ ఎండు స్క్విడ్ వస్తుంది,
బొగ్గుల మీద ముడుచుకుంటుంది.
ఈ బారు పాట ఆ బారు పాట నెత్తికెక్కి
మూడో బారు పాట రెంటినీ మింగేస్తుంటే
మేడ మీది కిటికీలో న్యాన్ బామ్మ
జపమాల తిప్పుకుంటుంది.
"ఆ దడదడ లేందే నిద్ర పట్టదే" అంటుంది.
కరోనాకి వీధి మూసేసిన నెలల్లో
నిజంగానే నిద్రపోలేదు.

ఎవరో ఈల వేస్తారు.
వార్డు లారీ!
అంతే, స్టూళ్ళన్నీ గోడల్లోకి ఇంకిపోతాయి.
ఒక పొడుగాటి కుర్రాడు
చేతిలో గ్లాసుతో, కింద ఏమీ లేకుండా
ఇంకా కూర్చునే ఉంటాడు.
లారీ వెళ్తుంది.
వీధి మళ్ళీ చతికిలబడుతుంది.

రెండేళ్ళ కిందట ఒకతను
రెండు కిలోల నూరు గ్రాములు ఇచ్చి
రేపొస్తానన్నాడు.
రసీదు మీద మాతేయుష్ అని రాసుకున్నాను.
రేపులు చాలా వచ్చాయి.
ఆ మూట అల్మరాలో ఆర్నెల్లు, మంచం కింద ఏడాది.
ఆ తర్వాత మా అక్క కొడుకు ఖోయి
అందులోంచి పచ్చచొక్కా తీసుకున్నాడు,
ఆల్చిప్ప బొత్తాలది.

ఖోయి నిప్పు ఊదుతాడు.
నోట్లో కిరసనాయిలు, చేతిలో కాగడా, చుట్టూ ఫోన్లు.
మా అక్కకి మాత్రం హోటల్లో పని అని చెప్పాం.

నిన్న రాత్రి ఆ మాతేయుష్ వచ్చాడు.
గడ్డం పెరిగింది. పక్కన ఒకమ్మాయి.
ముఖం చూసి కాదు,
ఒరిగిన కుడిభుజం చూసి పోల్చుకున్నాను.
ఆ చొక్కా సరిగ్గా అక్కడే అరిగింది మరి.

నా గుండె త్రాసుముల్లులా ఊగింది.
ఖోయి ఊదాడు.
ఆ మంటలో ఐదు బొత్తాలూ
లెక్కపెట్టేంత బాగా కనబడ్డాయి.
అతను చూశాడు.
చప్పట్లు కొట్టాడు.
టోపీలో యాభై వేల నోటు వేసి
అమ్మాయి చెవిలో ఏదో చెప్పి, నవ్వుతూ
జనంలో కలిశాడు.

పిలవాల్సిందేమో.
రసీదు ఇంకా మేకుకే ఉంది.
పిలిచి ఏం చెప్పను?
మిగతా కిలో ఎనిమిది వందల తొంభై గ్రాములు
మంచం కిందే ఉన్నాయనా?

నాలుగింటికి ఖోయి వచ్చాడు.
చొక్కా విప్పి బల్ల మీద పడేసి
చాలాసేపు పుక్కిలించాడు.
ఇంటివాళ్ళ బట్టలకి తూకం ఉండదు.
అయినా అలవాటు కొద్దీ త్రాసులో వేశాను.
రెండు వందల పది.
కిరసనాయిలు కంపు.

తర్వాత గుర్తొచ్చి
జేబు తిప్పాను.
నాలుగు మడతల యాభై వేలు,
ఇంకా వెచ్చగా.