నాలుగో వైపు

షువైఖ్ రేవులో నా పని అతికించడం.
ఇరవై అయిదు సెంటీమీటర్ల చదరం,
మూల మీద నిలబెడితే డైమండ్ అంటాడు మా ఫోర్‌మన్ రోమెల్.
మొదటి వారం నవ్వుకున్నాను,
పుల్లంపేట రెడ్డెప్ప
రోజుకు నూటెనభై వజ్రాలు పంచుతున్నాడని.

ఇంగ్లీషు రాదు, బొమ్మలు వచ్చు.
ఎర్రదాంట్లో మంట ఉంటే అంటుకునే సరుకు.
నీలందాంట్లో మంట ఉంటే తడి తగిలితే మండేది,
నీళ్లు పోసి ఆర్పబోకు అని
రోమెల్ రెండుసార్లు చెప్పింది ఈ ఒక్కదాని గురించే.
పుర్రెకు ఎవరూ అర్థం చెప్పలేదు.
చచ్చిన చేప, పక్కన ఎండిన చెట్టు, సముద్రానికి చేటు.
నిజం చెప్పాలంటే ఈ రేవులో
నేను రోజూ చూసే చెట్టు అదొక్కటే.
నల్లగీతలది తొమ్మిదోది,
ఏ జాతికీ చెందదు గాని నమ్మడానికి లేదు.
రూములో ఖాదర్ బాషాను అలాగే పిలుస్తాం,
తొమ్మిదో నంబరూ, కూర నువ్వు ముట్టబాకు అని.

రూలు చిన్నది.
పెట్టెకు నాలుగు వైపులా ఉండాలి.
మూడు నెలలు ఉప్పునీళ్లలో నానినా
ఊడకూడదు, అంకె చెరగకూడదు.
ఓడ మునిగిపోయి, పెట్టె ఒక్కటే తేలి
ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొస్తే
వల లాగేవాడు దూరం నుంచే చూసి
ఆగిపోవాలంట.
వాడెవడో, ఏ ఊరివాడో.
వాడికోసం ఇక్కడ నేను
దుమ్ము తుడిచి, గుడ్డ పిండి, మళ్లీ తుడిచి
అరచేత్తో గాలిబుడగలు నొక్కుతాను.
జూలైలో ఇనుము మీద అరచెయ్యి
పెనం మీద రొట్టెలా ఉంటుంది, అది వేరే సంగతి.

ఎనిమిదో బొమ్మ గురించి చెప్పాలి.
రెండు గొట్టాల్లోంచి చుక్కలు పడుతుంటాయి,
ఒకటి ఇనుము మీద, ఒకటి చెయ్యి మీద.
"ఎవరి చెయ్యి ఇది?" అనడిగాను ఒకసారి.
రోమెల్ గట్టిగా నవ్వి టీ తెప్పించాడు.

ఆ పెట్టె మీద ఏమీ లేదు.
కాగితంలో నేలపలకలు అని రాసుంది.
ప్రమాదమని రాస్తే కిరాయి ఎక్కువ,
పలకలని రాస్తే తక్కువ,
ఆ తేడా ఎవరి జేబులో పడిందో నాకు తెలియదు.
తలుపు కింద తడి కనిపించింది.
ఏసీ నీళ్లనుకున్నాడు టేక్ బహదూర్,
ఎండలో ఎవరికైనా మొదట నీళ్లే గుర్తొస్తాయి.
చెయ్యి పెట్టాడు.

అరుపు నేను రాయలేను.
గొట్టం పట్టుకుని పదిహేను నిమిషాలు నీళ్లు పోశాను,
ఇది నీలంది కాదు కదా, నీలంది కాదు కదా
అనుకుంటూ.
ఎందుకంటే చెప్పడానికి దాని మీద
ఏ రంగూ లేదు.

ఇప్పుడు వాడు స్టోర్‌లో గ్లవ్స్ లెక్కపెడతాడు, ఎడమచేత్తో.
కుడిచేతి గ్లవ్స్ ఎప్పుడూ ఒకటి తక్కువ రాస్తాడు.
రోమెల్ దిద్దడు.

ఇంకో రూలుంది, కొత్తవాళ్లు తప్పేది దీంట్లోనే.
ట్యాంకు ఖాళీ అయినా, కడిగేదాకా
వజ్రం తియ్యకూడదు.
లోపల ఏమీ లేకపోయినా
నిండుగా ఉన్నట్టే చూడాలి.
కడిగాక మాత్రం ఒక్క పూట ఉంచినా తప్పు,
లేని భయాన్ని చూపించినా జరిమానా.
గీకి తీసిన చోట
ఇనుము కొత్తగా, చదరంగా మెరుస్తుంది
రెండురోజులు.

నిన్న సాయంత్రం తౌజ్ లేచింది,
ఎదురుగా ఉన్న క్రేను కనపడలేదు.
చివరి పెట్టె, ఎనిమిదో నంబరు.
మూడు వైపులా అయింది. నాలుగోది
ఇంకో పెట్టెకు ఆనుకుని ఉంది, సందు మూరెడు.
"వదిలెయ్, ఎవరు చూస్తారు, బస్సు వచ్చింది"
అన్నాడు కొత్త కుర్రాడు వెంగళ్రావు.

బస్సు హారన్ కొట్టింది.
పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టి
సందులోకి దూరాను.
చీకట్లో బొమ్మ కనపడదు, తడిమి అతికించాను.
కాగితం మీద ఆ చెయ్యి ఉన్న చోట
నా చెయ్యి పెట్టి
కొంచెంసేపు నొక్కిపట్టాను.