జుజునా వీపు మీద పటం

నలభై ఏళ్లు కొండలు కొలిచాను.
రియోనీ నది ఎక్కడ ఎంత వంపు తిరుగుతుందో
కళ్లు మూసుకుని గీయగలను.
మా ఆవిడ వీపు మీద
రాత్రికి రాత్రి లేచే ఈ దీవులు మాత్రం
ఏ పటానికీ లొంగలేదు.

"పెన్నుతో చుట్టూ గీత గీయండి" అంది డాక్టర్ ఎలిసో,
"రేపు ఈపాటికి అక్కడే ఉంటే నాకు చెప్పండి."
గీశాను. నీలం సిరా, వణికే చెయ్యి.
తెల్లారేసరికి గీత గీతలాగే ఉంది.
లోపల ఎరుపు లేదు.
అది భుజం దాటి మెడెక్కి కూర్చుంది.

రొట్టెల పొయ్యిలోకి నడుం దాకా వంగే మనిషి.
సెగ తగిలితే చాలు ఇప్పుడు,
కందిరీగల తుట్టె కదిపినట్టు ఒళ్లంతా దద్దుర్లు.
కుతాయిసీలో వీధికో వైద్యుడు.
అక్రోట్లు మానెయ్యమన్నారెవరో. మానేసింది, నెల్లాళ్లు.
ఈ ఊళ్లో అవి పడని కూర కూరే కాదు.
పక్కింటి లమారా, పాపం, ప్రేమ కొద్దీ
దురదాకు చారు కాచి తెచ్చింది.
ఆ పూట జుజునా పడీపడీ నవ్వింది,
గోక్కుంటూనే.

రాత్రి తొమ్మిదింటికి తెల్ల మాత్ర.
అది చాలదని ఎలిసో రెండు చేసింది.
నీళ్లు గోరువెచ్చన, అంతకు మించొద్దు.
తువ్వాలు అద్దాలి, రుద్దకూడదు.
వదులు నూలు గౌన్లు; ఉన్ని శాలువా బీరువాలో అలిగి పడుకుంది.
ఆదివారాలు గోళ్లు నేనే తీస్తాను.
చేతులు నాకిచ్చేసి
తను కిటికీలోంచి ఎవరిదో గొడవ చూస్తుంటుంది.
పొయ్యిలోకి మేనల్లుడు మాల్ఖాజ్ వంగుతున్నాడు.
దూరంగా పిండి పిసుకుతూ ఈవిడ కేకలు:
"మాడ్చావురా!"

పద్దుల పుస్తకంలో మూడ్రోజులు ఖాళీ.
నాలుగోనాడు మోచేతి మడతలో నాణెమంత.
మళ్లీ వారం ఖాళీ.
"ఇంక మాత్రెందుకు?" అంది.
"ఎలిసో చెప్పేదాకా ఆగు" అన్నాను.
పోట్లాడుకున్నాం, గిన్నెలు చప్పుడయ్యేలా.
నా మొహం చూడకుండా
గుటుక్కున మింగింది.

నిన్న రాత్రి దీపం దగ్గరికి జరిపాను.
పెన్ను మూత తీశాను.
గీయడానికేమీ లేదు.
వెన్నెముక. రెండు పుట్టుమచ్చలు.
నడుం పక్కన పాత కాలిన మచ్చ,
నేను తన జీవితంలోకి రాకముందుది.
నలభై ఏళ్ల కొలతల్లో
ఇది నేనెప్పుడూ ఎక్కని కొండ.

"ఎన్నున్నాయ్?"
"ఒక్కటీ లేదు."
కాసేపు ఏమీ అనలేదు.
"అయినా గోకు. కొంచెం పైన" అంది,
"ఇది మామూలు దురదేలే."