మిర్చి సంచి

ఆరు కొట్టకముందే మూత లేపాలె.
ఎండెక్కితే మైనం మెత్తబడుతది,
చట్రం జెర వంచినా
పట్టు విరిగి చేతిల పడుతది.
పోయిన రోహిణిల అట్లనే పడ్డది, పిల్లలతో సహా.
ఆ బరువు ఈ అరచేతికి ఇంకా యాదికున్నది.

హసన్‌పర్తి రోడ్డున, రేకుల ఇంటెనక
నాలుగు పెట్టెలు.
మునగచెట్టు నీడ పదకొండు దాకనే,
ఆ తర్వాత నేనే పాత చీర అడ్డం కడుత.
స్టూలు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు,
ఎర్రచీమలకు కందకం.
ఖిలా వరంగల్ కందకమన్న ఎన్నడో ఒకనాడు నిండే ఉంటది,
నాది పొద్దున నింపితే మాపటికి గిన్నె అడుగు ఎండుతది.

"మీ ఈగలు మా కూలర్ గడ్డి మీదనే ఉంటున్నయి"
పక్కింటి జయప్రద టీచర్ గోడ మీంచి.
మూకుట్ల గులకరాళ్లు పోసి నీళ్లు పెట్టిన.
రెండు రోజులు దిక్కన్న చూడలే.
వాటికి గూడ కూలర్ నీళ్లే రుచి.

పొగ తక్కువ. మాటలు తక్కువ.
రాణి కనబడలే.
గదుల అడుగున సూదిమొనంత గుడ్లు కనబడ్డయి.
చాలు.
పైఅరల రెండు చట్రాల తేనె ఉన్నది, తియ్య.
వేప రాలింది, కానుగ అయిపోయింది,
వానలు పడేదాక అది వాటి బియ్యం.

మొన్న నాకో బుద్ధి పుట్టింది.
ఎనుమాముల యార్డుల హమాలీ చేసే మా ఓదెలు
తెచ్చిన గోనెసంచి,
మూడు నీళ్లల్ల ఉతికి, తడిపి
రెండో పెట్టె మీద కప్పిన, చల్లగుంటదని.
సంచి ఆరేకొద్ది ఘాటు లేచింది.
లోపల మంగలంల పేలాలు ఏగినట్టు చప్పుడు.
సంచి గుంజేలోపల ఏడు చోట్ల కుట్టినయి,
ఒకటి రెప్ప మీద.

ఓదెలు నవ్వలే.
సున్నం రాసుకుంట అన్నడు:
"మూడు నీళ్లకు పోతదా వినోదా,
ముప్పై ఏండ్ల సంది కడుక్కుంటున్న."

ఆనాటి నుంచి పెట్టెల దగ్గరికి రాడు.
నల్లా కాడ నిలబడి
గడపల రెక్కలు కొట్టేటివాటిని
బస్తాలు లెక్కవెట్టినట్టు లెక్కవెడుతడు.
నిన్న ఇరవై. ఇయ్యాల ముప్పై రెండు.
"నలభై దాటితే నేను పనికి పోను" అంటడు,
పోతడు.

రాత్రి కరెంటు పోయింది.
సున్నిపిండి పెట్టి రెండుసార్లు తానం చేసి
మంచం పెట్టెల దిక్కు జరుపుకున్నడు.
ఉక్కకు లోపల ఉండలేక
ఈగలు బయట గడ్డం లెక్క వేలాడుతున్నయి.
"కరెంటు పోయినా వీళ్ల ఫ్యాన్లు ఆగలే" అన్నడు.
లెక్కవెట్టబోయిండు. చీకటి.
చెవి పెట్టి విన్నడు.

నేను గిన్నెలల్ల నీళ్లు పోస్తున్న.
ఒకటి పాకుకుంట వచ్చి
ఆయన మణికట్టు ఎక్కింది.
చెంబు వంచిన చెయ్యి వంచినట్టే ఉన్నది.
కుట్టిందో లేదో
ఆయన చెప్పలే.