ధర్మకాంట కాడ

రాత్రి అడిగింది: "అప్‌డేట్ చేయనా?"
నిద్రమత్తుల "సరే" అన్న.
సగంల కరెంటు రెప్ప కొట్టింది.

పొద్దుగాల
మిర్యాలగూడ బైపాస్ మీద
ఇరవై రెండు ట్రాక్టర్లు, పచ్చి వడ్లు,
కాంట రేకు మీద మంచు ఇంక ఆరలే.
మీట నొక్కితే ఫ్యాన్ తిరిగింది.
తెర మీద ఒక తెల్లగీత,
ఆరుతది, వెలుగుతది,
కోర్టుల మాట మరిచిన సాక్షి లెక్క.

డిస్క్ ఉన్నది. చెయ్యి పెడితే గుర్రుమంటున్నది.
బోర్డేమో నాకు డిస్కే లేదంటది.
ఒక్క పెట్టెల ఉండుకుంట
ఒకరి మొఖం ఒకరు ఎరగరు:
పాత బయోస్‌కు కొత్త మాట తెల్వదు,
కొత్త సిస్టంకు పాత కడప ఆనదు.

వెనుక హారన్లు.
ఎండెక్కితే తూకం తగ్గుతదని
ధనావత్ కీలి కిటికీ కాడికొచ్చి
"మునుపు ముల్లుకాంట ఉండె గదా, అదెటుపాయె?" అన్నది.
పాత ఇనుము కింద అమ్మింది నేనే.
చెప్పలే.

సైదులు వచ్చి స్క్రూలిప్పిండు.
బోర్డు మీది రూపాయిబిళ్లంత బ్యాటరీ
గోటితో లేపి, అంగీకి తుడిచి,
"జర మరువనియ్ దాన్ని" అన్నడు.
చాయ్ తాగినంత సేపు
ఊరి వడ్లన్నీ
ఒక యంత్రం మతిమరుపు కోసం
ఎదురుచూసినయి.

లేచింది.
తొలి చీటీ మీద తారీఖు:
ఒకటి, జనవరి, రెండు వేల తొమ్మిది.

కీలి మనవనితోని చదివించుకొని
పళ్లన్నీ కనబడేటట్టు నవ్వింది:
"బిడ్డా, ధర మాత్రం అప్పటిది కట్టకుండ్రి."

తారీఖు దిద్దిన.
తెర మూలకు, చిన్నగ,
మల్ల అడుగుతున్నది:
ఇప్పుడా, రాత్రికా?

ఇంక ఇరవై ఒక్క ట్రాక్టర్లు.
దాని మీద బొటనవేలు అడ్డం పెట్టి
తూకం చదువుతున్న.