చివరి ఎనిమిది పేజీలు

లెనిన్ సెంటర్లో, ఏలూరు కాలవ పక్కన
పాత పుస్తకాల గుట్ట ముందు గొంతుక్కూర్చుని
అడుగుతున్నాను:
"పచ్చచీర ఆవిడ, చేతిలో పిస్తోలు,
అట్ట మీద పేరు సగం చిరిగిపోయింది.
పోయినేడు నీ దగ్గరే కొన్నాను.
చివరి ఎనిమిది పేజీలు లేవు."

చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగేవాళ్ళని
నేను ఎట్లా చూస్తానో
అట్లా చూశాడు షాపతను.
"ఇరవై రూపాయల పుస్తకానికి
ఏడాది తరవాత వచ్చి తగువా, అమ్మా?"

తగువు కాదు నాయనా.
ఆ ఇరవై రూపాయలతో మస్కట్‌లో
మేం ఎన్ని శుక్రవారాలు గడిపామో నీకేం తెలుసు.

వారమంతా సెలైన్ చుక్కలు లెక్కపెట్టే నలుగురం.
శుక్రవారం రాజంపేట స్వరూప పులిహోర కలుపుతుంది,
బందరు నూరున్నీసా టాక్సీ బేరమాడుతుంది,
బాపట్ల రూతు చాప, గొడుగు, చెప్పిందే చెప్పే జోకులు.
నా వంతు నవల.
బోడికొండల నడుమ సన్నటి ఏరు,
అందులో మోకాళ్ళదాకా కాళ్ళు పెట్టుకుని
పైకి చదివేదాన్ని.
ఊటీ బంగళా. మెట్ల కింద శవం.
డిటెక్టివ్ పరాంకుశం పైపు వెలిగించాడు.
అతను వెలిగించినప్పుడల్లా నూరున్నీసా దగ్గేది,
ఆస్తమా వార్డు కదా దానిది.

గొప్ప పుస్తకం కాదు, తెలుసు.
మా అన్నయ్య చూస్తే
"ఇంత చదివి ఇదా చదివేది" అంటాడు.
వాడికేం తెలుసు,
ఈ చావులో ఎంత హాయి ఉందో!
ఎవరి మంగళసూత్రమూ కవర్లో వేసి సంతకం తీసుకోనక్కర్లేదు,
ఎంబసీకి ఫోన్ చెయ్యనక్కర్లేదు,
పెట్టె ఏ విమానంలో వెళ్తుందో కనుక్కోనక్కర్లేదు.
శవం అక్కడే పడి ఉంటుంది, మర్యాదగా,
మేం పులిహోర తినేదాకా.

"హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు"
అని పరాంకుశం తలుపు గడియ వేశాడు.
పేజీ తిప్పాను.
అట్ట.

ఆ గడియ ఏడాదిగా తియ్యలేదెవరూ.
స్వరూప డ్రైవరంటుంది.
రూతుకి పెళ్ళాం మీద అనుమానం:
"అర్ధరాత్రి ఆ కొండమీద
తెల్లచీర అంత తొందరగా ఎట్లా దొరికిందే?"
నూరున్నీసా పరాంకుశాన్నే నమ్మదు.
ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి బిర్యానీ.

నెలరోజుల సెలవు.
పంటి డాక్టరు, బ్యాంకు, ఆధార్‌లో తప్పుపడ్డ ఇంటిపేరు,
అన్నీ కలిసి ఇరవై రెండు రోజులు మింగాయి.
ఇవాళ నాది.
గుంటూరు బస్సులో మంగళగిరి దాకా నిలబడే వచ్చాను.

షాపతను గొణుక్కుంటూనే
లోపలి గోతం విప్పాడు, ఇంకోటి విప్పాడు.
మూడోదాంట్లో దొరికింది.
అట్ట లేదు, పచ్చచీర ఆవిడ లేదు,
చివర మాత్రం ఉంది.
"నలభై."
"ఇరవై అన్నావుగా?"
"అప్పుడు సగం కథే కదమ్మా."

పున్నమి ఘాట్‌లో బోటెక్కి భవానీ ద్వీపం వెళ్ళాను,
ఒక్కదాన్నే.
నీడ చూసుకుని, మిరపకాయ బజ్జీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని
గడియ తీశాను.

కవల తమ్ముడట!
నూట తొంభై పేజీల్లో ఎక్కడా లేనివాడు,
బర్మా నుంచి ఆ ముందురోజే దిగాడట.
నవ్వొచ్చి పొలమారింది.
పక్క చాప మీది ఆవిడ మంచినీళ్ళ సీసా అందించి
"ఏమైందండీ?" అంది.
"మా వాళ్ళంతా ఓడిపోయారండీ" అన్నాను.

ఫోన్ మోగింది. రూతు మెసేజ్:
దొరికాడా?

కృష్ణ మీద ఎండ జారుతోంది.
ఈ ఎనిమిది పేజీలు తీసుకెళ్తే
వచ్చే శుక్రవారం ఏం మాట్లాడుకుంటాం?
బజ్జీల నూనె తుడుచుకున్నాను వాటితో,
ఒక్కో వేలూ, నింపాదిగా.
లేదే, అని కొట్టాను.

చీకటిపడే వేళకి మళ్ళీ లెనిన్ సెంటర్.
"చివరి పేజీలు లేనివి
ఇంకేమైనా ఉన్నాయా?"

తలెత్తలేదతను, దారం ముడి వేస్తూనే ఉన్నాడు.
"మొదటి పేజీలు లేనివున్నాయి.
పర్లేదా?"